క్రియ చివర

"ఐదు నిమిషాలు మీ ఆవిడ గురించి చెప్పండి.
'నేను' అన్న మాట రాకూడదు," అంది డాక్టర్ తబస్సుమ్.
చిక్కడపల్లిలో మేడమీది గది. కింద పిండిమర చప్పుడు.
ఇదెంత పని, అనుకున్నాను.
"సువర్చలని మొదటిసారి పెళ్లిచూపుల్లో చూశాను..."
వేలెత్తింది. "చివర 'ను' వినపడింది."

మన భాషే అంత.
ముందు తలుపు మూస్తే
క్రియ తోక పట్టుకుని పెరటి దారిన వచ్చేస్తాను.
"పోనీ, మా అమ్మ యాసల చెప్త. 'చూసిన'."
నవ్విందావిడ. "ఆ చూసినోడెవరు?"

ఉప్పల్ రింగు రోడ్డులో నా పుట్టినరోజుకి
నేనే డబ్బులిచ్చి కట్టించుకున్న ఫ్లెక్సీ ఉండేది.
శుభాకాంక్షలు చెబుతున్న పదకొండు తలకాయల్లో
ముగ్గురి పేర్లు ఇప్పటికీ తెలియవు.
కుండపోత వాన రాత్రి సువర్చల మెట్లమీద జారి
ఫోన్ చేసింది. "వస్తున్నా" అన్నాను.
వెళ్లింది చౌరస్తాకి.
మోకాలి లోతు నీళ్లలో నిలబడి
చిరిగిన నా చెంపని కొయ్యకి కట్టాను.
ఆమె మణికట్టుకి కట్టు కట్టించింది
వీధి మలుపులో ఇస్త్రీ చేసే కుర్రాడు.

ఇది చెప్పేటప్పుడు కూడా
గొంతు ఎక్కడ వణకాలో చూసుకున్నాను.

"మిమ్మల్ని మీరు ప్రేమించుకుంటారని అంటారు కదా అందరూ.
నాకేమో కాపలా కాస్తున్నట్టు కనబడుతోంది.
ఎవరి నుంచి?
దీనికో పేరుంది, చెప్పమంటారా?"
వద్దన్నాను.
మరుక్షణం అడిగాను: పెద్ద పేరేనా?

ఏడో తరగతి. పద్యాల పోటీ. మొదటి బహుమతి.
నాన్న భుజమెక్కించుకుని సుల్తాన్ బజారంతా తిప్పాడు.
మరుసటేడు రెండోది వచ్చింది.
బస్సులో ఆయన వేరే సీటులో కూర్చున్నాడు.
కోఠీ నుంచి మౌలాలీ దాకా
ఆయన మెడ వెనక ముడతలు లెక్కపెడుతూ వచ్చాను.
ఇంత చిన్న సంగతికి ఇంత జబ్బా అంటే
ఆవిడ ఏమీ అనలేదు. టిష్యూల డబ్బా ఇటు జరిపింది.
ఏడుపు రాలేదు. డబ్బా మీది పువ్వుల్ని చూశాను.

వారం పట్టింది.
నిన్న రాత్రి వంటింటి గడప దగ్గర దొరికింది
ఒక వాక్యం:
"సువర్చల ఎడమచేత్తో అన్నం కలుపుకుంటోంది."
ఎటు తిప్పి చూసినా అందులో లేను.
పచ్చిపులుసు కంచం అంచు దాటి చిందుతోంది.
తుడుచుకుని, మళ్లీ కలుపుకుంటోంది.
రెండోదీ వచ్చింది, మూడోదీ వచ్చింది.

నాలుగోది రాకముందే
డాక్టర్ గారు మెచ్చుకుంటారా అని
తోక ఊపుకుంటూ
వచ్చాను.