సెంట్రింగ్ కర్ర

గ్రిమ్స్‌బీలో నా మెడలో వేలాడిన కార్డు మీద
పేరు కంటే గడువు తేదీ పెద్దగా ఉండేది.
మార్చి ముప్పై ఒకటి.
గేటు దగ్గర ట్రెవర్ రోజూ దాన్నే చదివేవాడు,
పాల ప్యాకెట్టు తిప్పి చూసినట్టు.

చేపల కంపెనీ. పాతది.
తెల్లవారుజామున పెట్టెలు దిగుతాయి,
తూకం, కోత, ప్యాకింగు,
మధ్యాహ్నానికి లారీలు వెళ్ళిపోతాయి.
లెక్కంతా కాగితాల మీదే.
ఆ కాగితాల్ని ఆరు నెలల్లో తెరల మీదికి ఎక్కించాలి.
నా పని అంతే అని కాంట్రాక్టులో ఉంది.

మొదటిరోజు క్యాంటీన్లో
బాణం గుర్తులూ రంగు గడులూ చూపిస్తూ
గంటసేపు మాట్లాడాను.
ప్రశ్నలున్నాయా అంటే
వెనక వరసలోంచి గ్లెనిస్ చెయ్యెత్తింది:
"నువ్వెప్పుడు వెళ్ళిపోతావు?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వి తేదీ చెప్పాను.
ఆమె నవ్వలేదు.
నీలం నోటుబుక్కులో రాసుకుంది.

అలాంటి నోటుబుక్కులు అల్మరా నిండా ఉన్నాయి.
ముప్పై ఒక్క ఏళ్ళ తూకాలు.

జనవరిలో స్కానర్లు బిగించాం.
రెండో వారానికి రెండు టన్నుల చేప
లెక్కలోంచి మాయమైంది.
దొంగతనం అన్నాడు డైరెక్టరు.
వైరు లోపం అన్నాడు కంప్యూటర్ల కుర్రాడు.
రాత్రి పదకొండింటికి నేను
నీలం నోటుబుక్కు ముందు కూచున్నాను.
కొన్ని తేదీల పక్కన చిన్న చుక్క.
అన్నీ గురువారాలే.

"గురువారం ఓడవాళ్ళు ఐసు ఎక్కువ కొడతారు,
పెట్టెకి రెండు కిలోలు తీసెయ్యాలి" అంది పొద్దున.
చెప్పలేదేం అన్నాను.
"అడిగావా?"

ఆ చుక్క సిస్టంలోకి ఎక్కడానికి
పదకొండు ఈమెయిళ్ళు, రెండు సంతకాలు,
ఒక తగువు పట్టింది.
దాని పేరు 'సవరణ నాలుగు'.
గ్లెనిస్ అని పెట్టమన్నాను. కుదరదన్నారు.

ఫిబ్రవరిలో ఇంకో షీటు తెరిచి చూపించారు.
ఏడు పేర్లు.
డైరెక్టరు ఆ ఊళ్ళోనే పుట్టాడు,
శనివారం ఫుట్‌బాల్ వాళ్ళ పక్కనే కూచుని చూస్తాడు.
నన్నెందుకు పిలిపించారో అప్పటికి తెలిసింది.
పరాయిదాని నోట చెప్పిస్తే
మాట ఊళ్ళో మిగలదు.

ఏడో పేరు దగ్గర ఆగాను.
"ఆ చుక్క ఇప్పుడు మిషన్లో ఉందిగా" అన్నాడు.

తలుపేసి, ఒక్కొక్కరికీ నేనే చెప్పాను.
డనూటా తన భాషలో ఏదో అంది.
గ్లెనిస్ విని, నా కప్పు ఖాళీగా ఉందని
టీ పోసింది.
తాగలేకపోయాను. పారబొయ్యలేకపోయాను.
చల్లారేదాకా పట్టుకు తిరిగాను.

మా మేనమామ తణుకులో స్లాబులు పోయించేవాడు.
ఇరవై ఒక్క రోజులు కింద సర్వీ బాదులు నిలబడేవి,
బరువంతా నెత్తిన మోస్తూ,
పైన తడిపిన నీళ్ళు కారుతుంటే తడుస్తూ.
విప్పేరోజు పిల్లల్ని దూరంగా తరిమేవాడు.
సుత్తి దెబ్బకి ఒక్కోటే పక్కకి పడేది.
మేకుల కన్నాలతో, సిమెంటు మరకలతో
ఇంకో ఊరి లారీ ఎక్కేవి.
గృహప్రవేశానికి వాటినెవరూ పిలవరు.

నా ఉద్యోగం ఏమిటని అడిగిన వాళ్ళకి
ఎన్నోసార్లు ఈ పోలికే చెప్పాను.
బాగుందనేవాళ్ళు.
కానీ కర్ర ఎవరినీ పనిలోంచి తియ్యదు.

మార్చి ముప్పై ఒకటి.
ఐదింటికి నా పాస్‌వర్డ్ చచ్చిపోయింది.
ట్రెవర్ కార్డు తీసుకుని కత్తెరతో రెండు ముక్కలు చేశాడు,
రూలు అన్నాడు, సారీ అన్నట్టు.
గ్లెనిస్ బయట సిగరెట్టు కాలుస్తోంది,
ఆమెకింకా రెండు వారాల నోటీసుంది.
నోటుబుక్కు తెరిచి మొదటిరోజు రాసిన తేదీ చూపించింది.
పక్కన చుక్క.
ఇదేమిటన్నాను.
"ఇవాళ గురువారం" అంది.

డాన్‌కాస్టర్ రైల్లో, కోటుకింకా చేపల వాసన.
సోమవారం నుంచి స్విండన్‌లో ఒక లాండ్రీ కంపెనీ, నాలుగు నెలలు.
కొత్త ఫైలు తెరిచి పెట్టుకుని
పాత లెక్క చేస్తున్నాను,
నేను మోశాననుకున్న దాంట్లో
ఐసెంతో.