ముప్పై రూపాయల ఎనభై పైసలు

ఇంటి దగ్గరైతే యూనిట్టు ఆరు రూపాయలు.
రాత్రి గేదెకి కుడితి పెట్టినట్టు
వైరు తగిలించి పడుకుంటే
తెల్లారేసరికి నిండి ఉంటాది.
ఇది కోటబొమ్మాళి, హైవే పక్క.
యూనిట్టు ఇరవై రెండు. పైన పన్ను.

బృందావతమ్మ ఎనక సీట్లో ఒరిగి ఉంది.
పలాసలో మంచం కాళీ నేదంటే
కవిటి నుంచి శ్రీకాకుళం తీసుకెళ్ళి
నాలుగ్గంటలు మిషనుకి అప్పజెప్పి
తిరిగి తెస్తన్నాను.
ఆ నాలుగ్గంటలూ ఊళ్ళో ఉన్న చార్జరు
సర్వర్ డౌన్, సర్వర్ డౌన్ అంటానే ఉంది.
పోను రాను రెండొందల ముప్పై కిలోమీటర్లు.
కంపెనీవోడు ఎంత చెప్పినా
నా బండి నడిచేది నూట ఎనభై.

ఇక్కడ రెండు గన్నులు.
ఒకదాని మూతికి వినాయక చవితి నుంచీ గోనెసంచి.
రెండోది ఓ తెల్ల బండిని కరుచుకుని ఉంది.
తెర మీద ఎనభై నాలుగు శాతం.
ఎనభై దాటాక కరెంటు నత్తలా ఎక్కుతాది,
కడుపు నిండినోడు ఆఖరి ముద్ద నమిలినట్టు.
అద్దాలు బిగించుకుని బండాయన నిద్ర.

పాత యాప్ ఇక్కడ చెల్లదంట.
కొత్తది దింపుకుని, ఓటీపీ రాక
ఫోను పైకెత్తుకుని
జీడితోట గట్టెక్కి తిరుగుతున్నాను.

ఎప్పుడు దిగిందో ఏటో,
తెల్ల బండి అద్దాన్ని వేలి కణుపుతో కొడతంది.
"బావూ, నీకు నిండిపోనాది గావాల.
మా గుంటడి బండి ఆకలి మీదుంది."
ఆయన ఉలిక్కిపడి లేచి
బరంపురం ఇంకా చాలా దూరమన్నాడు,
దారిలో మరోటి పని చేస్తదో లేదో అన్నాడు,
ఆమె మోచేతి కట్టు చూశాడు,
మరేం అనకుండా గన్ను ఊడదీశాడు.
తప్పు పట్టను. రేపు ఆ సీట్లో
నిద్రపోయేది నేనే.

వాలెట్లో యాభైల లెక్కనే వెయ్యాలంట.
ఐదొందల యాభై వేశాను.
మిషను గురగురమంది.

కూర్మారావు బడ్డీ ముందు బల్ల తుడిచాడు.
నాకు గ్లాసు నిండా టీ, ఆమెకి రెండు గుక్కలు.
అంతకు మించి తాగకూడదు.
రెండో గుక్కని మింగకుండా
చాలాసేపు బుగ్గనే ఉంచుకుంది.

"దీనికెంతసేపురా?"
"యాభై నిమిషాలు అత్తా."
"నయమే."
కాసేపాగి,
"నాకు మంచం ఊరికినే, సూది ఊరికినే.
దారే తినేస్తంది జీడిపంటంతా" అంది.

నా చెయ్యి లాక్కుని
తన మోచేతి లోపల ఆనించుకుంది.
చర్మం కింద రక్తం జుమ్ముమంటంది,
తేనెపట్టున్న చెట్టుకి అరచెయ్యి ఆనించినట్టు.
"సూసినావా, నాదీ మోగుతాది."
చెయ్యి ఎప్పుడు తియ్యాలో తెలీక
తెర వైపు చూశాను.
నలభై ఒకటి.

ఇరవై యూనిట్లు. నాలుగొందల నలభై.
పన్ను డెబ్భై తొమ్మిది ఇరవై.
ఇంట్లో ఇదే కరెంటు నూట ఇరవై.
ఆ తేడా ఆమె కిరాయిలో కలపాలా,
నా వాయిదాలో కొయ్యాలా?
డీజిలు రోజుల్లో
రెండు నిమిషాల్లో బంకు దాటీసేవోడిని,
ఈ మనిషి చెయ్యి మోగుతాదని
తెలిసేది కాదు నాకు అనిపించింది.
అనిపిస్తే బిల్లు తగ్గదు గదా.

ఊడదీసినప్పుడు గన్ను వేడిగా ఉంది.
ఫోనులో మిగిలింది
ముప్పై రూపాయల ఎనభై పైసలు.
బ్యాంకుకి తిరిగి రావంట,
ఇంకెక్కడా చెల్లవంట.
"సూడత్తా, పట్టపగలు దోపిడీ" అన్నాను,
రాత్రి తొమ్మిది దాటిపోయిందని మర్చిపోయి.

బెల్టు తనే లాక్కుని పెట్టుకుంటూ
"ఉండనీరా" అంది,
"శనివారం మళ్ళీ ఒస్తాం గదా."