పదిహేడో ప్రశ్న దగ్గర

వంకర తిరిగిన మిరపకాయలు నాలుగు
కొంగుముడి విప్పి బల్ల మీద పెట్టింది మస్తాన్‌బీ.
"వీటికి కోతకూలి ఇయ్యనన్నాడయ్యా ఆసామి.
లోపలేముందో నువ్వన్నా చెప్పు."

సీసాలో వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టాను.
ఆరో రోజు దోమలాంటిదొకటి బయటికొచ్చింది,
కాయని వంచిన దొంగ.
తొమ్మిదో రోజు
ఆ దొంగ తోబుట్టువుల్ని లోపలే తిని పెరిగినవి, రెండు.
ఆవగింజని నాలుగు చెక్కలు చేస్తే ఒక చెక్కంత.
కందిరీగల వంశమే. కుట్టవు.
వాటి కంటికి మనం ఆనం.

ఒకటి ఆడది, ఒకటి మగది.
అట్టని ముక్కోణంగా కోసి, కొసన జిగురు చుక్క,
చుక్క మీద ఆడది. ఊపిరి బిగబట్టి.

పుస్తకం పోలీసులా అడుగుతుంది.
రెక్క అంచున వెంట్రుకలు పొడవా, పొట్టా?
పొడవైతే నాలుగుకి పో.
మీసానికి కణుపులెన్ని?
ఎనిమిది. కరెంటు పోయింది.
వచ్చాక మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిది.
తొమ్మిదైతే పదకొండుకి పో.
నడుం నునుపా, గరుకా?
వీపు మాత్రం చింతపండుతో తోమిన రాగిచెంబు.
ఇంత ప్రాణానికి అంత మెరుపు దేనికో
ఆ పుస్తకం అడగలేదు.

పదిహేడు:
గుడ్లు పెట్టే సూదిని వెనకకాలితో కొలిచి చూడు.
గీతలు సరిచేస్తున్నాను.
నల్లపాడు రోడ్డు మీద ఏదో లారీలో బస్తా పిగిలింది.
నలభై ఏళ్ళ గుంటూరు ముక్కు నాది,
ఘాటు కొత్తా?
తుమ్మాను.

అట్ట ఉంది. జిగురు ఉంది.
జిగురులో ఒక కాలుంది.

నేలంతా తడిగుడ్డతో అద్ది, పళ్ళెంలో పిండి,
రెండు గంటలు వెతికితే
చీమ తల, గింజ పొట్టు, నా తెల్లవెంట్రుక.

మగది మిగిలింది.
పుస్తకం మగవాటిని పలకరించదు,
"ఆడది దొరికే దాకా ఆగు" అని అడుగున సన్నక్షరాలు.

మర్నాడు బస్సెక్కి ప్రత్తిపాడు దాటి వెళ్ళాను.
తోట పీకేశారు. మోళ్ళు కాలుతున్నాయి.
పొగకి కొంగు అడ్డం పెట్టుకుని
"చెప్పనే లేదు, ఏముందంట?" అంది.
"కాయని పాడుచేసేదాన్ని తినేదుంది."
"పేరేంది?"
"ఇంకా పెట్టలేదో, పెట్టింది నాకు తెలీలేదో."
కాసేపు మంట వైపు చూసి
"అట్టాంటిదొకటి మా మేస్త్రికి కూడా ఉంటే బాగుణ్ణు" అంది.

రాత్రి సీసాకి చీటీ అంటించాను.
మిరప. వంకర కాయలోంచి. మగది, ఒకటి.
సేకరణ: షేక్ మస్తాన్‌బీ.
జాతి అన్నచోట
పెన్సిలుతో చిన్న గీత,
చెరపడానికి వీలుగా.