పావు తిప్పు

రాజమండ్రిలో సెకండ్‌హ్యాండ్‌కి కొన్నాను,
అగ్గిపెట్టెకి అన్నలాంటి డబ్బా.
ఒక నాబ్, కాలికో మీట, ఒక ఎర్ర దీపం.
రంగు పోయినచోట ఎవరిదో బొటనవేలి అరుగుదల.
"ఇది కొత్త స్వరమేం ఇవ్వదండి,
ఉన్నదాన్నే ఎత్తి చూపిస్తాది" అన్నాడు కొట్లో కుర్రాడు.
నేను వింటే కదా.

మలికిపురంలో పెళ్ళి రిసెప్షన్.
నాబ్ ఆఖరికంటా తిప్పి మొదటి పాటకే తొక్కాను.
పన్నెండు పాటలు, ఆర్పలేదు.
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు వేసే వేళకి
ఓల్టేజి కుంగింది, ట్యూబులైట్లు ఆవులించాయి,
నా బూస్ట్ పెడల్ మాత్రం
సొంత బ్యాటరీ పొగరుతో వెలుగుతూనే ఉంది.
సోలో వచ్చింది.
తొక్కడానికి ఇంకేం మిగల్లేదు.
వేళ్ళు ఫ్రెట్ల మీద చివరిదాకా పరిగెత్తాయి,
శబ్దం ఉన్నచోటే ఉబ్బింది
నానిన అటుకుల్లా.

ఎస్తేరు వ్యాన్‌లో మూడూళ్ళు దాటేదాకా మాట్లాడలేదు.
తర్వాత అంది:
"రెండో చరణం నేను పాడానో మానేశానో
నీకేమైనా తెలిసిందా?"

ప్యాడ్స్ వాయించే బుల్లిరాజు మావయ్య ధర్మయ్య
కాలవ మీద లస్కరు.
ఆ వారం ఊరికే వెళ్ళి, గట్టుకి సైకిలు ఆనించి
ఆయన తూము తలుపు ఎత్తడం చూశాను.
ఇనప మర మీద గ్రీజు, తుప్పు, చేతికి చుట్టిన గుడ్డ.
పావు తిప్పు తిప్పి ఆగాడు.
బీడీ ముట్టించాడు. కొలత రాయి వైపు చూశాడు.
"ఇంకో రెండు తిప్పెయ్యొచ్చు కదండీ?"
"నిండు కాలవలోకి ఎంతొదిలితే ఏం లాభం?
మట్టం లెగదు, గట్టు తెగుద్ది.
ముందు కింద చోటవ్వనీ."
ఆయన సంగీతం గురించి అనలేదు.
ఆయనకి పాటలంటే చిరాకు,
మా ఆర్కెస్ట్రా అంటే మరీను.

అయినా ఇంటికొచ్చి వైర్లన్నీ పీకేశాను.
డబ్బాని డ్రైవ్‌కి ముందు పెట్టాను:
శబ్దం చిక్కబడింది, పాకం ముదిరినట్టు,
ఎత్తు మాత్రం పెరగలేదు.
డ్రైవ్ తర్వాత పెట్టాను:
అదే గొంతు,
ఒక అడుగు ముందుకొచ్చి నిలబడింది.
రెండూ కావాలనిపించింది. ఉన్నది ఒక్కటే డబ్బా.
పెళ్ళిళ్ళకి తర్వాతే అనుకున్నాను.
ఆంప్ తగ్గించాను.
కష్టమంతా అక్కడుంది, తక్కువతో మొదలెట్టడం,
తక్కువగా ఉన్నానని జనం ముందు ఒప్పుకోవడం.
బాస్ కొంచెం కోసేశాను,
బుల్లిరాజు చోటు బుల్లిరాజుకే.
నాబ్ పావు దగ్గర ఆపి
అక్క నెయిల్ పాలిష్‌తో గీత పెట్టాను,
గులాబీ రంగు, కొంచెం వంకర.

రాజోలు. ఏప్రిల్. ఉప్పు గాలి.
అరగంటకే తీగలు జిగురెక్కాయి.
మూడు పాటలు
కాలు దాని పక్కనే పెట్టుకుని తొక్కలేదు.
పెళ్ళికొడుకు తమ్ముడొచ్చి
"గిటారు వినపడట్లేదన్నా" అన్నాడు.
"వినబడుద్ది, ఉండండి."

నాలుగో పాట.
ఎస్తేరు పల్లవి వదిలి పక్కకి జరిగింది.
తొక్కాను.
ఎనిమిదే ఆవర్తాలు.
కుర్చీల వెనక ఐస్‌క్రీం కప్పులు ఏరుతున్న ముసలాయన
తలెత్తి చూశాడు, మళ్ళీ వంగాడు.
పరిగెత్తకుండా ఒక్క స్వరాన్ని పట్టి ఉంచాను,
అది షామియానా దాటి
కొబ్బరి మట్టల్లోకి వెళ్ళి వంగింది.
ఇంకో ఎనిమిది వాయించాలని
ఎంత ఆశ పుట్టిందో!
బుల్లిరాజు కూడా కళ్ళతో కానిమ్మన్నాడు.

మళ్ళీ నొక్కాను. దీపం ఆరింది.
ఎస్తేరు మైకు దగ్గరికొచ్చింది.
రెండో చరణం ముందు
ఆమె ఊపిరి తీసుకోవడం
ఆఖరి వరస కుర్చీల దాకా వినబడింది.