పత్తాలు గుచ్చిన చక్రం

పొద్దుగాలనే భూపాలపల్లి నుంచి వచ్చిండు రాజలింగు.
నిన్న ఆఖరి కిస్తు కట్టిండట.
ఫైనాన్సోళ్లిచ్చిన కాగితం, ఇంకా మడత సుత పడలేదు,
తీసి చూపెట్టి మళ్ల కవర్ల పెట్టిండు.
"మొగిలీ, ఇగ ఇది నా బండి.
చక్రాలు చూస్తేనే తెలవాలె."

ఐదేండ్లు ప్లాస్టిక్ మూతల కింద దాగిన రిమ్ములు.
మూతల కట్లు కత్తెరతోటి తెంపిన.
లోపల బొగ్గు, బ్రేకు పొడి,
నయీంనగర్ నాలా పొంగిన యేడు మునిగిన నీళ్ల గీత,
అన్నీ కలిసి ఒకటే రంగైనయి.
ఏ డబ్బా మీదా ఆ రంగుకు పేరుండదు.

ముందు ఎనభై నంబరు కాగితం,
తరువాత నూట ఇరవై, ఆనక నాలుగు వందలు.
తుప్పంటే పైన మచ్చ అనుకుంటరు.
కాదు, అది లోపలికి తవ్వుకుంటది, ఓపెన్‌కాస్టు లెక్క.
దాని అడుగు ముట్టేదాక గీకాలె.
వేలిగోరుతోటి చూస్త నేను, కండ్లను నమ్మ.

రాజలింగు స్టూలు మీద కూసున్నడు, చాయ చల్లారింది.
"నలుపే ఎయ్యి, ఎట్లయిన మసి పడేదే."
జరసేపాగి,
"వద్దు, వెండి ఎయ్యి."
రెండూ ఏస్త అన్న.
నడుమ నలుపు, బ్రేకు పొడి రాలేది ఆడనే.
అంచుకు వెండి,
తిరిగే చక్రంల కంటికి దొరికేది అంచే.

టైరుకూ రిమ్ముకూ నడుమ సందుల పత్తాలు గుచ్చాలె,
ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేటట్టు,
రబ్బరు మీద రంగు పడకుంట.
ఇది నాకెవ్వలు నేర్పలేదు.
ఇంట్ల పత్తాలు తప్ప ఏం మిగల్లేదు, అంతే.

గిర్మాజీపేట రేకుల షెడ్డుల
మూడు పత్తాల ఆటకు ముందు సైకిల్ పోయింది,
తరువాత అమ్మ కుట్టుమిషిని.
నాయిన పోయినంక అంగీ జేబుల దొరికిన కట్టను
అమ్మ పొయ్యిల ఏస్తనన్నది.
నేను షాపుకు తెచ్చుకున్న.
ఇప్పుడు రాణి ముక్కు మీద వెండి,
ఇస్పేటుకూ కళావరుకూ తేడా తెలుస్తలేదు.
ఆయన చేతుల ఒక్కనాడు నిలువని పత్తాలు
నా చక్రం సుట్టు కదలకుంట నిలబడ్తయి.

ఎనుమాములకు మిర్చి దిగే దినాలు.
గాలి ఇటు మళ్లిందంటే తుమ్మాగది,
ఒక్క తుమ్ముకు తడి రంగు మీద సుక్క లేస్తది.
షట్టరు సగం దించి, ముక్కుకు రుమాలు కట్టి,
గన్ను జానెడు దూరంల పట్టి,
పల్సగ, మళ్ల పల్సగ.
టేపు మాత్రం రంగు పూర్తిగ ఆరకముందే గుంజాలె,
ఆలస్యమైతే అంచును ఎంబడి తీస్కపోతది.

చక్రం బోర్లేసి వెనక దిక్కు కొడుతుంటే నవ్విండు.
"అటెవ్వలు చూస్తరే?"
"నీళ్లు చూస్తయి" అన్న.
నవ్వు ఆపిండు.
పైకి మూడు పూతలు క్లియర్ కొట్టిన,
బొగ్గు రోడ్డు కంకరకు ఒకటి ఎక్కువ.

మర్నాడు మాపటికి నట్లు బిగించి తోలిన.
ములుగు రోడ్డు మలుపు కాడ
నలుపు కనబడలేదు,
ఉత్త వెండి గీతలు రెండు నేల మీద ఉరికినయి.

గంటకు ఫోను.
"మొగిలీ, చక్రంల ఏదో టకటక అంటాంది!"
పరకాల దాటినంక ఆపి, టార్చి ఏసి, వంగి చూసిండు.
లోపలి దిక్కు ఇరుక్కున్నదట,
ఆటీను రాజు,
సగం వెండి, సగం నలుపు.
"తెచ్చియ్యాల్నా?"

కట్ట లెక్కపెట్టిన. యాభై ఒకటి.
ఏండ్లకేండ్లు ఆ ఒక్క రాజు కోసమే
తెల్లార్లు కూసున్నడు మా నాయిన.
"ఉండనీ తియ్యి" అన్న,
"నీ కాగితమున్న కవర్ల పెట్టుకో."