రెండడుగుల నేల

లోఫోటెన్‌లో మూడో రోజూ వానే.
పొయ్యి మీద కాడ్ చేప ఉడుకుతోంది.
ఉప్పు డబ్బా పరుపు కింద.
పరుపెత్తాలంటే రాగ్న్‌హిల్డ్ లేవాలి.
తను లేచి నిలబడాలంటే
నేను డ్రైవరు సీట్లోకి పాకాలి.
పొద్దుటి నించీ మాటల్లేవు,
ఎవరు ముందు కదులుతాం?

తలుపు ధడాలున వేసి పోదామంటే
ఇది జారుడు తలుపు, సగంలో ఇరుక్కుంటుంది.
లోపల్నించి తను తన్నితే తప్ప పడదు.

తన్నింది.

గ్యాస్ బండ చూసే వంకతో కాసేపు,
చక్రం కింద చెక్కముక్క సర్దుతూ కాసేపు,
తడిసి ముద్దయి తిరిగొచ్చాను.
కోటు ఆరేసే చోటు స్టీరింగు ఒక్కటే.
మోచేయి తగిలి హారన్ మోగింది.
గట్టు మీది గొర్రెలన్నీ ఒకేసారి తలెత్తి చూశాయి.

దుప్పట్లో ఏదో కిసుక్కుమంది.

పరుపు తనే ఎత్తింది,
కాళ్లు ముడుచుకుని
నాకు నిలబడేంత చోటిచ్చింది.
చేప ఎప్పుడో మాడింది.