నీలి కాగితం

నొయ్యని పన్నుకు
ఎనిమిదొందలు కట్టి
నొప్పి కొనుక్కొచ్చుకున్నవని
మా ఇంటాయన నవ్విండు.

నిజమే, అప్పుడు నొయ్యలే.
కింది దవడల, కుడిపక్క, కోరపన్నుకు ఎనకది.
చిన్న గుంత, నల్లగ.
కందిపప్పు బద్ద ఇరుక్కునేది,
నాలిక పొద్దస్తమానం పోయి దాన్నే తడిమేది
పక్కింటి పంచాయితి చూసొచ్చినట్టు.
అంతే.

నల్లగొండల గడియారం కాడ మేడెక్కి
తెల్లటి లైటు కింద నోరు తెరిచిన.
గిర్రున తిరిగిన మిషను, కాలిన కొమ్ము వాసన.
తెలుపు తెచ్చి నింపిండ్రు.
అద్దంల చూస్తె ఆ ఒక్క తావే తెలుపు,
మిగతా పండ్లన్నిటి మీద
మా బోరు నీళ్లు గీసిన గోధుమ గీతలే.
"రెండ్రోజులు జివ్వుమంటది, సదురుకుంటది"
అన్నది నిఖత్ డాక్టరమ్మ.

పదకొండు రోజులాయె.
స్టీలు గిలాస అంచు తగిలితే జివ్వు.
మునుగోడు దాటినంక బస్సు కిటికిల గాలికి జివ్వు.
పచ్చిపులుసుకంటె సరే,
ఊరికె నోరు తెరిచి "అవునా" అన్నా జివ్వు.
అది పోటు కాదు, సలుపు కాదు.
పొడుగాటి పోగును ఎవరో కొస పట్టి
ఒక్కపాలి గుంజి ఇడిసినట్టు
చెవుల దాకా మోగి ఆగుతది.
ఎక్కడో వేలు పెట్టి చూపిద్దమంటె
అప్పటికే ఉండది.

రాత్రి లవంగం పెట్టుకొని
పంటికి పన్ను ఆనకుంట పండుకున్న.
నోరు మూసుకునుడు గూడ
యాభై ఏండ్లకు మళ్ల నేర్చుకోవాల్నా?

నేను చిట్కి కట్టెటిదాన్ని.
గట్టుప్పల్ల ఇరవై ఆరేండ్ల సంది
నూలు మీద రబ్బరు చుట్టి, ముడేసి,
కొస పంటితోని టుక్కున కొరికి.
బ్లేడు ఎతుక్కునే తీరిక ఎవరికుంటది?
ఆ కొరికే పన్ను ఇదే.

ఇప్పుడు ఎడమపక్క కొరుకుతున్న.
ఎడమ దవడకు ఈ పని రాదు.
పోగు జారింది,
ముడి ఒక్క పోగంత పక్కకు పోయింది,
అద్దకం దిగినంక చూస్తె
చిలుక ముక్కు వంకర.
"చిలుకకు గూడ పన్ను నొస్తుందా ఏందక్కా"
అన్నది మా యారాలు పారిజాత.
నేను నవ్వలే.
నవ్వితే గాలి తగుల్తది.

మళ్ల పోయిన.
సన్నటి నీలి కాగితం పండ్ల నడుమ పెట్టి
"కొరుకమ్మా, ఇటూ అటూ నూరు" అన్నది.
లైటు దగ్గరికి గుంజి చూసి
"ఇగో, ఇక్కడ ఎత్తుంది, వెంట్రుకంత" అన్నది.
వెంట్రుకంత!
ఏదో చిన్నదని చెప్పినట్టు చెప్పింది.
వెంట్రుకంత అంటె ఎంతనో నన్నడగాలె.
వెంట్రుకంత జరిగితే చీర చీర కాదు,
సేటు మూడొందలు కోస్తడు.

అరగదీసింది. మళ్ల కాగితం. మళ్ల అరగదీసుడు.
నడుమ మాస్కు గదుమ కిందికి గుంజి నీళ్లు తాగింది.
ఆమె ముందటి పండ్ల మీద గూడ
సన్నటి గోధుమ గీత.
"ఏ ఊరు బిడ్డా మీది?"
"మర్రిగూడ."
అడగకున్నా అయిపోవు.

"నరం బెదిరింది, నెల పడ్తది.
ఎత్తు తీసేసిన. సలువకు మాత్రం ఓపిక పట్టాలె" అన్నది.

బస్టాండుల రంజను నీళ్లు
గిలాసల పట్టుకొని చానసేపు నిలబడ్డ.
ఒక్క గుక్క.
వచ్చింది. వచ్చింది గని
గడప కాడికొచ్చి, చెప్పులిడువకుంటనే
మర్లిపోయింది.

మాపటికి పని ముంగట కూసున్న.
తెల్లటి నూలు, ఇంకా రంగు ఎరగనిది.
అలవాటుగ కుడిపక్కనే కొరికిన.
టుక్కు.
నొయ్యలే.
పోగు మీద నీలంగ ఇంత చుక్క,
ఎంత పుక్కిలించినా పోని కాగితం రంగు,
డిజైన్ల లేని చోట.
తుడువబోయి ఆగిన.
దాని మీదనే రబ్బరు చుట్టి ముడేసిన,
ఇంకే రంగూ దాన్ని అందకుంట.
ఉతుకుల పోతదో,
ఎవరి కుచ్చిళ్లలనో ఉంటదో.